తాతతోని స్టేషన్ దాక

"అవ్వా, మా ఆయనకు షుగర్ అన్నరు. నడువుమంటే నడుస్తలేడు. తాతను నువ్వెట్ల నడిపిచ్చినవ్?"

అయ్యో బిడ్డా, మీ తాత అంత మొండిమనిషి గద్వాలల ఇంకోడు లేకుండె. పొద్దు పొడిస్తె మగ్గం గుంటల కాళ్లు వెట్టి కూసుంటుండె, మళ్ల బువ్వకే లేసుడు. గట్లనే యాభై ఏండ్లొచ్చినయ్. యాభై గాదు, యాభై రెండు. మీ చిన్నమామ పెండ్లయిన ఏడు గద. అరికాళ్లు తిమ్మిరెక్కుతున్నయంటే దవాఖానకు తీస్కపోయిన. షుగరన్నరు. గోలీలిచ్చి, రోజు నడువాలె, లేకుంటే కాళ్లకే మోసమని డాక్టరమ్మ చెప్పింది.

ఇంటికొచ్చి ఏమన్నడు? "పని లేకుంట రోడ్డెంబడి తిరిగితె జనం నవ్వరా? నేను నడువ."

నాకు భయం వట్టింది. కాళ్లు పోతే మగ్గం తొక్కేదెట్ల? మగ్గం లేకుంటే ఆ మనిషి బతుకుతడా? తెల్లారి నేనే ముందల వాకిట్లకొచ్చి నిలవడ్డ. "రైలు స్టేషన్ దాక పోయొద్దాం పా, నేను గుడ వస్త" అన్న. గొణుక్కుంటనే చెప్పులేసుకున్నడు.

ఎనుకట ఆడోళ్లు మొగోళ్ల పక్కన నడుస్తుండిరా? పెండ్లికి పోయినా, అంగడికి పోయినా ఆయన ముందల, నేను పదడుగులెన్క. ఆ దినం గుడ గంతే. "జర ఆగు, నేను నీ ఎన్కవడి ఉరుకుతనా?" అన్న. ఆగిండు. పక్కకొచ్చిన. చాయ హోటల్ కాడ కూసున్నోళ్లు నవ్విండ్రు. సిగ్గయితె అయింది మరి. అప్పట్ల చాయ రెండు రూపాయలుండె, ఆయనకు శక్కర లేకుంట పోయమంటే హోటలాయన... సరే, గది వేరే ముచ్చట.

ఏం చెప్తుంటి? ఆఁ. ఇంట్ల మగ్గం సప్పుడుకు మేమెన్నడు తీరిగ్గ మాట్లాడిందే లేదు. నడుస్తుంటె మాటలొచ్చినయ్. ఒకనాడు చెప్పిండు, తానొక్కడే నేసిన మొదటి చీర నాకే ఉంచుదామనుకున్నడంట. నెమలికంఠం రంగుది. వాళ్ల నాయన షావుకారుకిచ్చేసిండంట.

"అప్పుడే చెప్పకపోతివి" అన్న.

"ఎప్పుడు చెప్పాలె?" అన్నడు.

ఆనాడు స్టేషన్ కాడ మర్లలే. ఇంకింత దూరం నడిసినం.

మెల్లమెల్లగ షుగర్ దిగింది. తిమ్మిరి మొత్తం పోలే గని, కాళ్లయితె కాపాడుకున్నడు. పోయేదాక మగ్గం తొక్కిండు. పన్నెండేండ్లు నడిసినం బిడ్డా. అంత కాపురంల నాకు యాదికొచ్చేటియి గా పొద్దులే.

నువ్వు ఆయనకు చెప్పుడు బంద్ వెట్టి, ఎంబడి పో. నూరేండ్లు ఇద్దరు సల్లగ తిరుగుండ్రి, బిడ్డా.