దూడకి వదిలిన పాలు

పేరమ్మ మనుషులతో రెండు ముక్కలు మాట్లాడితే గేదెతో ఇరవై మాట్లాడేదంట. మొగుడు పోయి చాన్నాళ్ళయింది. కొడుకు బ్రహ్మయ్య పొద్దున పొలం పోతే మళ్ళీ దీపాలవేళకే ఇల్లు చేరేది. కోడలు శేషారత్నం కొత్తగా కాపరానికొచ్చిన పిల్ల. ఇంకెవరితో మాట్లాడిద్ది చెప్పండి. ఆ గేదె పేరు చుక్క, నుదుట రూపాయంత తెల్లమచ్చ. పాడికి మంచిదే గానీ దానికొక జబ్బుంది. పేరమ్మ చెయ్యి తప్ప ఇంకో చెయ్యి పడితే చేపదు, అంటే పొదుగులోకి పాలు దించదు. దూడని విడిచినా అంతే, తవుడు పెట్టినా అంతే, పాలన్నీ పైకి ఎత్తేసుకోని కాలు ఝాడించేది. ఒకసారి ఎత్తేసుకుందా, ఆ పూటకి ఇంక పేరమ్మ వచ్చి బతిమాలినా పాలబొట్టు రాలదు. అందుకని ఆమె ఎనిమిదేళ్ళు ఏ రాత్రీ ఊరు దాటి పడుకోలా. పెళ్ళయినా చావయినా పొద్దున పితికి పోవడం, సాయంత్రం పితకను రావడం. మీరు నవ్వుతున్నారు గానీ గేదెలున్నోళ్ళకి తెలుసు ఆ కట్టు. తొడిమలు తీస్తా వినండి, చేతులు ఆపమాకండి, పొద్దుగూకేలోగా ఈ మిరపకాయలు అవ్వాల.

ఈ పేరమ్మకి ఒక అక్క ఉందంట, తిరపతమ్మని. గోదారి దేశాన, నర్సాపురంలో ఇచ్చారు. ఒకరినొకరు చూసుకోని పదకొండేళ్ళు. ఉగాదికో దసరాకో ఫోన్ చేసుకునేవాళ్ళు, అంతే. ఒకనాడు ఆ అక్క ఏమందంటే, ఒసే పేరూ, నాకు డెబ్బై ఆరు, నీకు డెబ్బై మూడు, ఇంకెప్పుడు చూసుకుంటామే, పది రోజులుండేట్టు రా, పంటెక్కి అవతలొడ్డుకి పోదాం, ఏరు సముద్రంలో కలిసేకాడ కూచుందాం అంది. పంటంటే మనుషుల్నీ బండ్లనీ కూడా ఎక్కించుకోని ఏరు దాటించే పెద్ద పడవ అనుకో. పేరమ్మ అంతా విని, చుక్కనెవరు పితుకుతారక్కా అని ఫోన్ పెట్టేసింది. పెట్టేసి కుడితి కలపబోయింది గానీ చెంబు తొట్టిలో వెయ్యబోయి పక్కన పెట్టిందంట. అది చూసింది కోడలు. చూసి, నేను పితుకుతా అత్తా, నువ్వు పోయిరా అంది. నువ్వా, నిన్ను చూస్తే అది తోక కూడా ఊపదు అంది పేరమ్మ. నీ చీర కట్టుకుంటాలే, దానికి తెలిసింది నీ వాసనేగా, నేనెవరో దానికేం తెలుసు అంది. పేరమ్మ అప్పుడు కోడలి మొహం నిదానంగా చూసిందంట, ఇంటికొచ్చిన్నాటి నుంచీ అదే మొదటిసారి అనుకో.

ఇంక మొదలైంది. చీరాలలో రైలెక్కడం ఎప్పుడు, ఎక్కడ దిగడం, అన్నీ ఆ పిల్లే కనుక్కుంది. అక్కకి గోంగూర పచ్చడి ఒక డబ్బా, కొత్త మిరపకాయలు ఒక సంచి, ఉతికిన చీరలు నాలుగు, అన్నీ సర్ది గూట్లో పెట్టారు. బ్రహ్మయ్య తీసుకుపోయి దిగబెట్టొచ్చేట్టు మాట. చుక్క కొత్త చేతికి చేపితే చాలు, ఆ మర్నాడే బయల్దేరడం. పొద్దున పేరమ్మ పితికేది, సాయంత్రం రత్నం చెయ్యి పెట్టేది. ఏం చేసేదంటే, సాయంత్రమయ్యేసరికి పేరమ్మ కోడల్ని కూచోబెట్టి తలకి ఆముదం రాసేది, తన వాసనే రావాలని. తన పాత నేతచీర, అంచు చిరిగింది, అది తన చేతుల్తో చుట్టి కుచ్చెళ్ళు పోసి, తనలాగే వెనక గోచీ దోపేది. చేతిమీద చెయ్యేసి, ఇట్టా కాదమ్మాయ్, బొటనవేలు మడుచు, లాగమాక, జారనీ అని చెప్పేది. చెప్తా చెప్తా, మా అక్క నా జడ లాగేది, చిన్నప్పుడు మా అమ్మ ఒక్క జామకాయ ఇస్తే పెద్ద ముక్క అదే తినేది, అని ఎప్పుడూ ఎవరికీ చెప్పని కబుర్లన్నీ చెప్పేది. ఈసారి నేను పోయొస్తే వచ్చే ఏడు మనిద్దరం పోదాంలే, నువ్వు కూడా పంటెక్కుదువుగాని అనేది. రత్నానికి మూడేళ్ళప్పుడే తల్లి పోయింది. సవతి తల్లి మంచిదే, అన్నం పెట్టింది. కానీ తలకి నూనె రాసిన చెయ్యి లేదు, చీర కట్టి ముందుకి తిప్పి చూసినోళ్ళు లేరు. అది గుర్తుపెట్టుకోండి.

నాలుగోనాడు ఏమైందంటే, పేరమ్మ కనపడకుండా గోడ అవతల కూచుంది. రత్నం దూడని విడిచి, మళ్ళీ కట్టేసి, దా తల్లీ దా అని అత్తలాగే గొంతు పెట్టి చెయ్యేసింది. చేపింది. పొదుగు మెత్తబడి ధారలు సుయ్ సుయ్ మని చేతుల్లోకి దిగాయి. సంతోషంతో కేకెయ్యబోయిందంట. నోటిదాకా వచ్చింది. అంతలో అనుకుంది గదా, ఇప్పుడు కేకేస్తే రేపు రైలు. రేపు సాయంత్రం ఈ నూనె ఎవరు రాస్తారు. పదిరోజులు పోయొచ్చాక మాత్రం, నాతో పని అయిపోయింది గదా, ఎందుకు రాసిద్ది. ఒక్క రోజు, ఒక్క రోజే అనుకోని, దూడ పలుపు విప్పేసింది. దూడ పొదుగంతా పీల్చుకుంది. ఖాళీ చెంబుతో ఇవతలకొచ్చి, చేపలా అత్తా అంది. పోనీలే, రేపు చూద్దాంలే అని పేరమ్మ కోడలి వీపు నిమిరింది. ఆ నిమరడమే చెడగొట్టింది అనుకో. ఒక్క రోజు రెండయ్యింది, రెండు ఎనిమిదయ్యాయి. అక్క రోజూ ఫోన్ చేసేది, చేపిందా అని. లేదే, మొండిదే అది అని ఈమె. దూడేమో కడుపు చెడి పారుకుంటంది. పేరమ్మ దానికి వాము నూరి పోసేది, ఏం తిని చచ్చిందో ఇది అని. పొద్దున పాలు తగ్గాయి, కొత్త చేతికి బెదిరిందిలే అని ఆమే అనుకునేది. రత్నం పక్కనే నిలబడి వాము నూరిచ్చేదంట.

ఆ ఎనిమిదీ గడిచి తొమ్మిదోనాడు తెల్లారకముందే ఫోనొచ్చింది. తిరపతమ్మ నిద్రలో పోయింది. బ్రహ్మయ్య బస్సు కనుక్కుంటున్నాడు. పేరమ్మ అరుగుమీద కూచుంది. కొట్టంలో చుక్క అరుస్తంది పొదుగు నిండి. రత్నం పోయి చీర తనే కట్టుకుంది, ఆముదం తనే రాసుకుంది, కుచ్చెళ్ళు కుదరలా. కూచుని చెయ్యేసిందో లేదో, చుక్క చేపేసింది. చెంబు నురగ కట్టింది. వెనక అలికిడై తిరిగి చూస్తే పేరమ్మ. చెంబు వంక చూసింది. దూడ వంక చూసింది, దాని తోక కింద అంటుకున్న పేడ వంక చూసింది. డెబ్బై మూడేళ్ళ పాడి మనిషి, ఆమెకి ఒకరు చెప్పాలా. అప్పుడు ఏమందంటే, దూడకి ఇంక అన్ని పాలు వదలమాక అమ్మాయ్, దాని కడుపు తట్టుకోలేదు అంది. అని సంచి అందుకోని బస్సుకి పోయింది. పచ్చడి డబ్బా గూట్లోనే ఉంది.

తల్లీకొడుకులు పోయేసరికి శవాన్ని ఎత్తేశారంట. మొహం చూడలా. పెద్దకర్మదాకా ఉండి వచ్చింది. పది రోజులుండాలని అక్క అన్నట్టే ఉంది లెండి. పంటెక్కావా అత్తా అని రత్నం అడగలా, ఆమె చెప్పలా. చేతిలో ఒక రేకు డబ్బా తెచ్చింది, చెల్లెలొస్తదని ఆ అక్క చేసిపెట్టిన బెల్లం గవ్వలు. మూత తీసి కోడలి ముందు పెట్టి, తిను, ఉంటే మెత్తబడతాయి అంది. ఆ పిల్ల తిన్నది. ఆమె చూస్తా కూచుంది, డబ్బా అయ్యేదాకా రోజుకి రెండు పెట్టింది. ఒక్క మాట అడిగితే ఒప్పుకుందామని ఆ పిల్ల రోజూ కాచుకోని ఉండేదంట. ఆమె అడగలా. తలకి నూనె మళ్ళీ రాయలా. ఆ ఏడు చలికాలంలో ఆమె కూడా పోయింది.

ఇదమ్మా కథ. మీరు పొరుగూరోళ్ళు గనక చెప్పా, ఈ ఊళ్ళో ఎవరికీ తెలీదు. ఎవరిది తప్పంటే ఏం చెప్తాం, గేదెది కాదు గదా. కాయలు చాలు, మిగతావి రేపు తీద్దాం. అదుగో, అరుస్తంది. నేను ఇంటికి పోయి ఆ చీర కట్టుకోవాల, ఈ చీరతో పోతే చుక్క ఇప్పటికీ చేపదు.