కాదన్నవాళ్ళకే ముందు లైను

హలో… ఆ, నేనేనండీ, ఇందాకట్నుంచి లైన్లో ఉన్నది.

టెస్సా. ఒహాయో నుంచి… ముందు నా భయం చెప్పేస్తానండీ. మా నాన్న ఆ ఇంట్లో ఒక్కడే పడిపోయి ఉన్నాడేమోనని.

…అయ్యో, పెట్టేయకండి! పొరపాటున చేయలేదు, రేడియోకే చేశాను. క్లింట్ గారి పొద్దుటి ప్రోగ్రామే కదా? ఫోన్లు తీసే మర్నా గారు మీరే కదా? మీ పేరు నాన్న చెప్పేవాడు.

ఆర్లిస్ ప్రూయిట్… ఆ! ఆయనే! రోజూ ఫోన్ చేసి, ముందు మిస్సోరిలో తన ఊరి వాన సంగతి చెప్పి, తర్వాత లోకాన్నంతా దులిపేస్తాడే, ఆయనే. నేను ఆయన కూతుర్ని.

…మీరూ గమనించారా? గురువారం నుంచి చేయలేదండీ. మంగళవారం ఎలక్షన్ పెట్టుకుని ఆయన నోరు మూసుకుని కూర్చునే రకమా, మీరే చెప్పండి.

…నేనా? రోజూ వింటాను. మా పిల్లాడికి అన్నం పెడుతూ, ఫోన్లో సన్నగా పెట్టుకుని. మీ మాటలు నచ్చి కాదు లెండి, ఏమనుకోకండి. ఆయన గొంతు కోసం. దగ్గు తగ్గిందా, సరిగ్గా నిద్రపోయాడా… గొంతులో తెలిసిపోతుంది కదా.

…చేశాను. ఎత్తడు. వేసవి నుంచీ నా ఫోన్ ఎత్తడం మానేశాడు. అదేనండీ నా బాధ. ఇది కోపమో, లేక…

ష్… ఏడవకు బంగారం, ష్…

…ఏముందండీ, రేడియో గొడవే. మా ఆయన చూసే వెక్కిరింపుల షో ఒకటుంది. అందులో వాళ్ళు, నాన్న మీతో మాట్లాడిన ముక్క పట్టుకుని, మధ్యమధ్యలో కోడికూతలు కలిపి వేశారు. నాన్న మా ఇంటికొచ్చి, మా బల్ల దగ్గర భోంచేస్తున్నాడు అప్పుడు. ఆ గొంతు ఎవరిదో తెలిశాక కూడా మా ఆయన నవ్వు ఆపుకోలేకపోయాడు… లేదండీ, నాన్న అరవలేదు. అరిచినా బాగుండేది. చెంచా కిందపెట్టి, టోపీ తీసుకుని, ట్రక్కెక్కి వెళ్ళిపోయాడు. వాకిట్లో నేనూ ఓ మాట అన్నాను, ‘అలాంటి మాటలంటే నవ్వరా నాన్నా’ అని.

…నాన్న పక్కింటాయనకీ చేశాను. ‘నా పెరట్లో అవతలి పార్టీ బోర్డు పెట్టానని, ఇక తన గుమ్మం తొక్కొద్దన్నాడు మీ నాన్న. నేను తొక్కను’ అన్నాడు. షెరిఫ్ ఆఫీసు పోలీసులు, మనిషి ఖాళీ అవగానే పంపిస్తామంటారు. నిన్నటి నుంచీ అదే మాట. నేను సాయంత్రం బస్సుకి బయల్దేరుతున్నాను, వీణ్ణి ఎత్తుకుని. కానీ చేరేసరికి రేపవుతుంది…

అందుకేనండీ, నన్ను ఒక్క నిమిషం ప్రోగ్రాంలో మాట్లాడనివ్వండి.

…ఇవాళ్టి టాపిక్ పన్నులా? సరే, పన్నులే. క్లింట్ గారు రోజూ అంటారు కదా, నన్ను కాదన్నవాళ్ళకే ముందు లైను అని. నేను కాదనేదాన్నే. రాసుకోండి… టెస్సా, అవతలి పార్టీ, బాగా కోపంగా ఉంది అని రాయండి.

…మీ పుణ్యం ఉంటుంది మర్నా గారూ.

…ఆ, రేడియో కట్టేశాను. ఉంటాను.

వద్దురా, ఆ తీగ లాగకు… తాతయ్య కోసం. ఒక్క నిమిషం…

హలో! క్లింట్ గారా? నమస్కారమండీ.

…అవునండీ, అవతలివాళ్ళకే వేస్తాను ఓటు. తిట్టండి, పర్లేదు. పదకొండో క్లాసులో మానేసిన మనిషిని, పన్నుల గురించి మీతో వాదించేంత చదువు లేదు నాకు… కాదు, అలా చెప్పమని ఎవరూ నేర్పలేదు. నేను ఆర్లిస్ కూతుర్ని.

…ఆ, మీ వాన ఆర్లిసే. పోయిన బుధవారం ఆయన దగ్గుతుంటే, ‘ఆ దగ్గు కూడా అవతలి పార్టీ కుట్రే’ అన్నారు మీరు. ఆయనా నవ్వాడు. నేనూ నవ్వాను ఇక్కడ. ఆ తర్వాత ఆయన మళ్ళీ చేయలేదండీ.

…వినబడుతోందా?… లేదు, తమాషా కాదు. ఏ వెక్కిరింపుల షోకీ కాదు. మా అబ్బాయి మీద ఒట్టు.

…చెబుతున్నాను. పైన్ ఫోర్క్, గ్రిఫిన్ మిల్లు రోడ్డు. ఆకుపచ్చ రేకుల కప్పు. గేటు మీద మీ పార్టీ బోర్డే ఉంటుంది… ఏంటండీ? మీ మ్యూజిక్ మొదలైంది, వినబడటం లేదు… బ్రేక్‌ తర్వాతంటే ఎలాగండీ—

నాన్నా, వింటున్నావా? నాతో మాట్లాడక్కర్లేదు. వాళ్ళకే ఫోన్ చెయ్యి. నన్నే తిట్టు. వాన పడుతోందో లేదో ఒక్క ముక్క చెప్పి పెట్టెయ్—

పైన్ ఫోర్క్ వైపు ఉన్నవాళ్ళు ఎవరైనా… మీరు ఎవరికి ఓటేస్తారో నాకెందుకు? వంటింటి తలుపు వైపు వెళ్ళండి, ముందు తలుపు కొడితే ఆయనకి వినబడదు. కుక్క అరుస్తుంది, ఏమీ చేయదు. గట్టిగా కొట్టండి. తీయకపోతే తోసుకుని వెళ్ళండి. దయచేసి ఒక్కసారి వెళ్ళి చూడం—