గోపమ్మ ఆపిన గోలీలు

ఏందిరా సంతోషూ, మిర్యాలగూడ నుంచి ఆ కాయితం ఊపుకుంట వస్తున్నవ్, పెండ్లి పత్రిక లెక్క? కొలెస్ట్రాల్ తగ్గిందా? మంచిదే, జర కూసో. ఏందీ, ఇగ గోలీలు బందా? అరె, అచ్చం మీ నాయినమ్మ ముచ్చటే అయిపాయె గదరా. నువ్వప్పుడు ఆరో తరగతి, హాస్టల్ల ఉంటివి, నీకేం ఎరుక. గట్టి మనిషి గోపమ్మ. ఒక్క కూత ఏస్తె నూరు గొర్రెలు ఎనక్కి మర్రేటియి. నాకేమో, యాట కూర వండిన నాడు మంచి కొవ్వు ముక్క దొరికితె దాని పళ్లెంల ఏసుడు అలవాటు. "నాకెందుకయ్యా" అనుకుంటనే తినేది. ఒకపారి కోదాడల డాక్టర్ రక్తం పరీక్ష జేసి, "పెద్దాయనా, ఆమెకు రక్తంలో కొవ్వు ఎక్కువుంది, పక్షవాతం వచ్చే ప్రమాదముంది, రోజూ ఈ మాత్ర వేయించండి" అన్నడు. అప్పటిసంది నేనేసిన ముక్కను, నేను అటు మర్రంగనే నా పళ్లెంల ఏసేది. నేను మల్ల దాని పళ్లెంల. ముసలితనంల ఆటలు మావి. నవ్వకురా.

ఏడాదికి, దురాజ్‌పల్లి గట్టు జాతర ముందట మల్ల పరీక్ష జేపిస్తె, నీ లెక్కనే తగ్గింది. నేనేమన్ననో ఎరుకేనా? "గొర్రెకు నట్టల మందు పోస్తం, కడుపుల పురుగులు పడిపోతయ్, ఖతం. మల్ల రోజూ పోస్తమా? రోగం వోయింది, గోలీలు బంద్ వెట్టు" అన్న. నలభై ఏండ్లు గొర్రెలు గాసిన తెలివి మరి! "డాక్టర్‌ను ఓ మాట అడుగుదామయ్యా" అన్నది. "ఏ, ఊకో" అన్న. అప్పటిసంది గోలీలు ముట్టలే.

జాతరయినంక మూడు నెలలకు, పొద్దుగాల గొర్రెపిల్లలను తల్లుల కాడికి ఇడుస్తున్నది. చేతిల పిల్ల జారి కింద వడ్డది. ఏందని సూస్తె మూతి ఒక పక్కకు వోయింది, మాట లేదు. ఆటోల ఏసుకొని కోదాడకు ఉరికినం. డాక్టర్ సూసి, గోలీలు బంద్ వెట్టిన సంగతి తెల్సుకొని, "మెదడుకు పోయే రక్తనాళం మూసుకుపోయింది. మాత్రలు వేసుకుంటున్నారు కాబట్టే కదా కొవ్వు తగ్గింది, ఆపితే మళ్లీ పెరగదా? ఎవరు ఆపమన్నారమ్మా?" అని అడిగిండు. నేను పక్కనే ఉన్న. తలకాయ దించుకున్న. గోపమ్మకు కుడి చెయ్యి పడిపోయింది గద, ఎడమ చెయ్యి ఎత్తి, మెల్లగ తన రొమ్ము మీద వెట్టుకున్నది. నేనే ఆపిన, సారు, అన్నట్టు.

ఆర్నెల్లు బతికింది. నేనే తినిపించేది. ఒక్కనాడన్న నా దిక్కు కోపంగ సూసి ఉంటె బాగుండురా. ఈ ముచ్చట మీ నాయినకు గూడ జెప్పలే. ఇంటున్నవా...

ఇగో, సెంబుల నీళ్లున్నయ్. ఆ గోలీ తియ్యి. నా ముంగటనే ఏస్కో.