ముందు కండ్లు, తర్వాత చేతులు

ఇంత ఎండలో పెనుకొండకు ఇంతమంది వచ్చారు. హిందూపురం నుంచి మా కాలేజీ పిల్లలు వచ్చారు. ధర్మవరం నుంచి అద్దకం పనివాళ్లు పొయ్యిలు ఆర్పేసి వచ్చారు. అందరికీ నమస్కారం. ముందు వరుసలో ఎస్తేరు మేడమ్ చెల్లెలు ఝాన్సీ గారున్నారు. అమ్మా, పోయిన వారం నిద్రలోనే గుండె ఆగి వెళ్లిపోయిన మీ అక్క గురించి మిమ్మల్ని ఓదార్చే మాట నా దగ్గర లేదు. నాకే ఎవరైనా చెబితే బాగుండునని ఉంది.

నేను జగదీష్. ఆమె కెమిస్ట్రీ చెప్పిన కాలేజీలోనే ఫిజిక్స్ చెబుతాను. నెట్‌లో మేడమ్ ఛానల్ వీడియోల్లో మీకు కనబడిన మనిషి ఆమె, వాటిని తీస్తూ మధ్యమధ్యలో వణికిన ఫోను నాది. "ఫిజిక్స్ చెప్తారు, చెయ్యి మాత్రం నిలబడదేం సార్?" అని నవ్వేవారు. ఆ ఎగతాళి కోసం ఇప్పుడు చెవులు కోసుకుంటున్నాను.

అసలు ఆ వీడియోలు ఎందుకు? నేనూ అదే అడిగాను. నెట్‌లో లేని కెమిస్ట్రీ పాఠం ఉందా మేడమ్, మళ్లీ మనమెందుకు అన్నాను. "పాఠాలు శానా ఉండాయి సార్. అమరాపురం పిల్ల డౌటు అడిగితే తిరిగి పలికే పాఠం యాడుండాది?" అన్నారు. ఆ రోజు నుంచి కామెంట్లలో ఏ పిల్ల ఏమడిగినా తెల్లారేలోగా జవాబు ఉండేది.

ల్యాబ్‌లో ఆమె పద్ధతి మా పిల్లలకు తెలుసు. మిగతావాళ్ల కోసం చెబుతున్నాను. లోపలికి రాగానే ఎవరూ దేన్నీ ముట్టుకోకూడదు. చేతులు వెనక్కి కట్టుకుని ఒక నిమిషం నిలబడాలి. సీసా మీద పేరేముంది, కళ్లద్దాలు పెట్టుకున్నామా, జడ ముడేసుకున్నామా, ఏదైనా మీద పడితే నీళ్ల కొళాయి ఎటుంది, అన్నీ చూపుతోనే చూసుకోవాలి. "ముందు కండ్లు, తర్వాత చేతులు" అనేవారు. నిమిషం అయ్యాక, "ఊ, ఇంక కానీండి" అనేవారు. అప్పుడే ల్యాబ్ కదిలేది. వీడియోల్లో కూడా అంతే. ఫోను పట్టుకున్న నన్నూ నిలబెట్టేవారు.

ధర్మవరం రామాంజినేయులు అన్న ఇక్కడే ఉన్నాడు. అన్నా, నీ సంగతి చెప్పనా? రంగు తొట్టిలో యాసిడ్ సరిపోయిందో లేదో తెలుసుకోవడానికి అన్న వేలు ముంచి నాలుకకు తాకించి పులుపు చూసేవాడు. వాళ్ల నాయన నేర్పిన పద్ధతి. వీడియో కోసం అక్కడికి వెళ్లిన మేడమ్ అది చూసి కోప్పడలేదు, మొహం చిట్లించలేదు. మళ్లీ వెళ్లినప్పుడు యాసిడ్ ఎంతుందో రంగు మారి చూపించే కాగితాలు పట్టుకెళ్లారు. "నాలిక చెప్పినంత బాగా కాగితం చెప్తాదా మేడమ్?" అన్నాడు అన్న. "కాగితం పాడైతే ఇంగోటి చింపుకోవచ్చు. నాలిక యాడ తెచ్చుకుంటావప్పా?" అన్నారు. ఆ వీడియో చూసి ఎన్ని తొట్ల దగ్గర నాలుకలు మిగిలాయో నాకు తెలియదు. అన్న జేబులో ఇవాళ కూడా ఆ కాగితాలున్నాయి, చూడండి.

ఇప్పుడు ఒక మాట చెప్పి ముగిస్తాను. మేడమ్‌ను సాగనంపి ఇంటికొచ్చాక ఫోను తెరిచాను. ఆమె ఇక లేరని ఛానల్లో రాద్దామనుకున్నాను. అప్పటికే రామగిరి నుంచి పావని అనే అమ్మాయి ప్రశ్న వచ్చి ఉంది. "మేడమ్, నీళ్లలో యాసిడ్ పోస్తాంటే బీకరు వేడెక్కుతాండాది. ఆపేదా?" మేడమ్ జవాబు నాకు వినబడింది. నిజంగా వినబడింది. "ఆపమ్మా. చల్లారినాక చుక్క చుక్కగా పొయ్యి. యాసిడ్‌లో మాత్రం నీళ్లు పొయ్యద్దు" అని ఛానల్ పేరు మీదే రాశాను. వెంటనే తిరుగు జవాబు వచ్చింది. "థాంక్యూ మేడమ్."

ఆ చివరి మాటను నేనెలా దిద్దాలి? ఆ పిల్లకు నిజం చెప్పాలి. ఈ సాయంత్రం చెబుతాను. ఆ ఛానల్లో అడిగిన ప్రతి ప్రశ్నకూ తెల్లారేలోగా జవాబు ఉండేలా మనమంతా చూసుకుంటామని కూడా చెబుతాను. చెప్పగలిగితే.

ఇప్పుడు అందరం లేచి నిలబడదాం. ఆమె నిలబెట్టినట్టే, చేతులు వెనక్కి కట్టుకుని. కండ్లు ఎదురుగా ఉన్న ఆమె ఫొటో మీద పెడదాం. నిమిషం అయ్యాక, "ఊ, ఇంక కానీండి" అనే గొంతు ఇవాళ రాదు. తెలుసు. అయినా కొంచెం ఎక్కువసేపే ఎదురుచూద్దాం. లేవండి.