ఖాళీ స్థలం కాదని నిరూపించిన తాళాలమ్మ

అమ్మలారా, అయ్యలారా, ముందు వరుసలో కూర్చున్న తాళాలమ్మగారి అమ్మాయీ, అల్లుడుగారూ!

కుర్చీలు చాలక మెట్ల మీద కూడా నిలబడ్డారు. సమాధుల తోటకు కాపలా కాసిన మనిషి పోతే ఇంతమంది వస్తారని ఎవరనుకున్నారు? అందరి మనసులూ బరువుగానే ఉన్నాయి. కానీ నేను ఏడవడానికి లేవలేదు. ఆమె గెలుపు గురించి చెప్పడానికి లేచాను. ఎందుకంటే, ఆమె చేతిలో ఓడిపోయినవాణ్ని నేనే!

ఎనభై ఏళ్ల కిందట ఇటుక బట్టీలు మూతపడ్డాక మిగిలిన గుంతల నేల అది. మొదట బట్టీ కూలీలనే అక్కడ పాతిపెట్టారు. గోతులు తవ్వే భర్త పోయాక, ఆయన తాళాల గుత్తి ఈమె నడుముకు చేరింది. ముప్ఫై ఎనిమిదేళ్లు ఆమె ఆ తోటలోనే ఉన్నారు.

అప్పుడు తోటలో ఏముంది? చుక్క నీరు లేదు. ఎండలో ఒక పెద్దావిడ సొమ్మసిల్లి పడిపోతే, మొహాన చల్లడానికి రోడ్డు దాటి పరుగెత్తాల్సి వచ్చింది. మర్నాడు తాళాలమ్మ బిందె పట్టుకుని నీళ్ల ఆఫీసుకు వెళ్లారు. అర్జీ ఇవ్వలేదు. నేరుగా అధికారి గదిలోకి వెళ్లి, ఆయన తాగే నీళ్లు బిందెలోకి పట్టుకున్నారు. "మా దగ్గర లేవండీ, మీ దగ్గరున్నాయి కదా, రోజూ వస్తాను" అన్నారు. వచ్చారు కూడా! పన్నెండో రోజుకల్లా పైపు పడింది. ఇప్పుడక్కడ నాలుగు కుళాయిలు, వానకు తడవకుండా షెడ్డు, చక్రాల కుర్చీ వెళ్లే బాట, ఆడవాళ్లకు వేరే మరుగుదొడ్డి. ఒక్కటైనా అడక్కుండా వచ్చిందా?

ఇక నా సంగతి. నేను సర్వేయర్ని. తోట ఉత్తరపు మూల మీదుగా రోడ్డు వేయాలన్నారు. అక్కడ ఒక్క రాయి లేదు. నా కాగితం మీద "ఖాళీ స్థలం" అని రాసుకుని, టేపు పట్టుకుని దిగాను. ఆమె వచ్చి మెల్లగా అన్నారు: "బాబూ, కాస్త పక్కకు జరగండి. మీరు నిలబడ్డచోట దర్జీగారి పాప ఉంది. నలభై రోజులే బతికింది."

అంటురోగం వచ్చిన ఏడాది పోయిన పసిబిడ్డలందరూ అక్కడే ఉన్నారట. రాళ్లు పెట్టే తీరిక ఎవరికీ లేకపోయింది. రుజువేదని రోడ్డు పని చూసే ఇంజినీరుగారు అడిగారు. రాతలో ఏమీ లేదు. అంతా ఆమె తలలోనే ఉంది.

వారం రోజులు ఆమె ఇంటింటికీ తిరిగారు. శనివారం ఉదయం ఇంజినీరుగారు వచ్చేసరికి గేటు దగ్గర జనం! కర్ర పట్టుకున్న తల్లులు, తలలు నెరిసిన అన్నలు, చెల్లెళ్లు. తాళాలమ్మ ఒక్కొక్కరి చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి, ఎవరి బిడ్డ దగ్గర వాళ్లను నిలబెట్టారు. నూట నలభై ముగ్గురు! ఒక్క చోటికి మాత్రం ఎవరూ రాలేదు. ఆ ఇంట్లో ఎవరూ మిగల్లేదు. ఆమె నా వైపు చూశారు. నేను టేపు కింద పెట్టి, వెళ్లి నిలబడ్డాను.

ఇంజినీరుగారు ఆ మూల ఈ చివర నుంచి ఆ చివర దాకా నడిచి చూశారు. తర్వాత నా దగ్గరికి వచ్చి పెన్ను అడిగి, "ఖాళీ" అన్న మాట ఆయనే కొట్టేశారు.

మిత్రులారా, రోడ్డు వంగింది! ఇవాళ బస్సులన్నీ ఆ మూల చుట్టూ తిరిగి వెళుతున్నాయి. ప్రతి బిడ్డకూ పేరు చెక్కిన రాయి ఉంది. గేటు దగ్గర పటం ఉంది. ఆమె చెబుతుంటే నేను గీసిన పటం అది. నా ఉద్యోగంలో నేను గర్వపడే పని అదొక్కటే.

చదువు లేదు, పదవి లేదు. అయినా ఆమె గెలిచారు. గెలిచి వెళ్లారు! మొన్న మంగళవారం ఆ పిల్లల వరుస పక్కనే ఆమెను పడుకోబెట్టాం.

దయచేసి అందరూ లేవండి. లేవలేని పెద్దలు కూర్చునే ఉండండి, తప్పులేదు. రెండు నిమిషాలు మాటల్లేకుండా ఆమెను తలుచుకుందాం.