మాదాపూర్‌లో మంచు తుపాను

తెలంగాణ ఉద్యమం ఉధృతంగా సాగుతున్న రోజులవి. మాదాపూర్‌లోని అద్దాల మేడలో ఉన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ బందులకు భయపడి బెంగళూరుకు మూటాముల్లె సర్దుకుంటోందని వీధి వీధంతా నమ్మింది. దాని ఎదుటే కర్రీ పాయింట్ పెట్టబోతున్న మేనకోడలు, బ్యాంకు అప్పు కోసం రాసిన ప్లాన్‌ను మేనమామకు చూపించింది. ఆయన రిటైర్డ్ సైన్స్ టీచరు; చదివేకొద్దీ వెగటు పుట్టింది.

“ఏందమ్మా ఇది? ‘మంచు తుపాను వస్తే డెలివరీ ఆపుతాం’ అని రాసినవ్. మాదాపూర్ల మంచు ఎప్పుడు కురిసింది?”

“నెట్ల దొరికిన నమూనా మామా. పేర్లు మార్చిన, అంతే.”

“థూ! పప్పు వండుతవో, పచ్చిపులుసు చేస్తవో ఒక్క ముక్క లేదు. ఎవరో తిన్న ఎంగిలి ఇస్తరిల నీ కూర వడ్డించినట్టుంది.”

“ఇగ ఆ ప్లానే వద్దు మామా. కంపెనీ పోతే కూరలు కొనేదెవరు? కిరాయికి తీసుకున్న షట్టర్ తాళంచెవి ఇయ్యాల్నే ఓనర్‌కు ఇచ్చేస్త.”

“పోతుందని ఎవరు చెప్పిన్రు?”

“అందరు అంటున్నరు.”

“ఆ అందరిల లోపలికి పోయి అడిగినోడు ఒక్కడన్న ఉన్నడా? నమూనా దించినట్టే పుకారు గూడ దించుకున్నవ్. పా, పోయి అడుగుదాం.”

ఇద్దరూ వెళ్లి అడిగారు. ఆ కంపెనీ ఎక్కడికీ పోవడం లేదు; పక్క భవనంలో మరో రెండు అంతస్తులు అద్దెకు తీసుకుంది.