కోడల్ని ‘మీరు’ అన్న రోజు

నా పేరు ఈ వాంగ్మూలం పైన రాసుకున్నారు. వయసు యాభై ఎనిమిది. బట్టలు కుట్టే షాపు నడుపుతాను. ఫిర్యాదు ఇచ్చింది నా సొంత తమ్ముడు. ఇచ్చింది నా కోడలి మీద. నేను చేరిన ఆసుపత్రిలోనే అది నర్సు.

నాకు తలలో నీరు చేరితే డాక్టరు గారు గొట్టం వేసి, ఆ నీరు మంచం పక్కన సంచిలోకి దిగేలా పెట్టారు. సంచి నిండినప్పుడల్లా తమ్ముడు, “పోయింది పోయినట్టు నింపాలి కదక్కా” అంటూ నీళ్ళు తాగించాడు. కోడలు వద్దంది. వాడు దాని కళ్ళుగప్పి తాగించాడు. ప్రేమతోనే చేశాడు. ఆ నీటితో పాటు ఒంట్లో ఉప్పు కూడా పోతోందని, ఉత్త నీళ్ళు తాగితే మిగిలింది పలచబడి మతి తప్పుతుందని వాడికి తెలియదు. నాకూ తెలియదు.

మూడో రోజు మధ్యాహ్నం సంగతి నాకు గుర్తులేదు. డాక్టరు గారు చెప్పింది చెబుతున్నాను. కోడలు మందివ్వడానికి వస్తే, “మీరు భోంచేశారా అమ్మా? కాసేపు కూర్చోండి” అన్నానట. పెళ్ళై వచ్చిన నాటి నుంచి నేను దాన్ని మొద్దు అనే పిలుస్తాను. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు, ఆ లెక్కన మా వీధి ఎప్పుడూ బాగుపడలేదు. తమ్ముడు, “అక్క ఎంత నెమ్మదించిందో” అని మురిసిపోయాడట. కోడలు మాత్రం డాక్టరు గారి దగ్గరికి పరుగెత్తి, “మా అత్తయ్య నన్ను మీరు అంటోందండి. ఏదో అయింది. రక్తంలో ఉప్పు చూడండి” అందట. ఆయన నవ్వారట. ఇది నవ్వలేదట.

పరీక్షలో ఉప్పు బాగా పడిపోయిందని తేలింది. ఆయన రాసిన ఉప్పు మందును కోడలు నరంలోకి ఎక్కించడం మొదలుపెట్టగానే నాకు ఫిట్స్ వచ్చాయి. తమ్ముడు చూసింది అదొక్కటే. అత్త మీద కసితో ఏదో ఎక్కించిందని మీకు రాసిచ్చాడు. ఫిట్స్ వచ్చింది ఉప్పు తగ్గినందుకు. ఫిట్స్ ఆగింది ఆ మందుతోనే.

అలాంటి కోడలు నా ఇంట్లో ఉన్నందుకు నాకు గర్వంగా ఉంది. దాని ఉద్యోగం మీద మచ్చ పడితే నేను ఊరుకోను. ఇదీ రాయండి.

రాసింది చదివి వినిపించారు. నేను చెప్పినట్టే ఉంది, కల్పించింది ఏమీ లేదు. మొద్దు అనే మాట తీసేద్దామా అని అధికారి గారు అడిగారు. తీయొద్దన్నాను. ఆ మాట నా నోట రాని పూటే నా ప్రాణం పోతోందని దానికి తెలిసింది. కోడలు బయట బెంచీ మీద ఉంది, కావాలంటే అడగండి. మొద్దూ అంటే పలుకుతుంది.

(సంతకం)